కుడివైపు పేజీ

పదకొండు పేజీల్లో నేను రాయకుండా వదిలేసినవి నాలుగు వాక్యాలు. నాలుగంటే నాలుగే. మిగతాదంతా పుల్లమ్మ చెప్పింది చెప్పినట్టే రాశాను, దగ్గు వచ్చి ఆమె ఆగిన చోట ఆగిందని రాశాను, చెంగుతో ముక్కు తుడుచుకుంటే తుడుచుకుందని రాశాను, అలాంటివి రాయడంలో మా బృందంలో నన్ను మించినవాళ్లు లేరు. ఇప్పుడా పదకొండు పేజీలూ ఒళ్లో పెట్టుకుని ఆమె ఇంటి వసారాలో నులకమంచం మీద కూర్చున్నాను. ఆమె పత్తి తీతకు పోయింది, పొద్దువాలితే వస్తుందని చెప్పి పక్కింటామె మంచం వాల్చి తన పని మీద తను వెళ్లింది. పుల్లమ్మ వచ్చాక ఇదంతా చదివి వినిపించాలి. చెప్పినవాళ్లకు చదివి వినిపించకుండా ఒక్క ముక్క కూడా టైపుకు పోకూడదన్నది మా డాక్టరుగారు పెట్టిన కట్టుబాటు. చదివితే ఆ నాలుగు వాక్యాలూ లేవని ఆమె పట్టుకుంటుంది, లేదా పట్టుకోదు. పట్టుకోకుండా ఉంటే బాగుండునని పర్చూరు నుంచి వస్తూ బస్సులో ప్రార్థన చేశాను. ఇలాంటి ప్రార్థనలు వినే దేవుడైతే ఆయన మీద నాకు గౌరవం పోతుంది.

ఎదురుగా కళ్లంలో తొలికోత మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా గొంతులో గరగర, వెంటనే రెండు తుమ్ములు. గుంటూరులో పుట్టి పెరిగానని అందరికీ చెప్పుకునే మనిషి మిరప ఘాటుకు తుమ్మకూడదు, కానీ అది కూడా అబద్ధమే కదా, నేను గుంటూరు వెళ్లింది పదకొండో ఏట. వసారా మూలన పురుగుమందు డబ్బా ఒకటుంది. పైభాగం కోసేసి, తాడు కట్టి, నీళ్లు తోడే చేదగా వాడుకుంటున్నారు, పుర్రె బొమ్మ ఇంకా చెరిగిపోలేదు. ఈ ఏడు తెల్లదోమ పడి పత్తి చేలన్నీ మసిబారాయి, వారానికి రెండుసార్లు మందు కొడుతున్నారు, కొట్టిన మర్నాడే ఆడవాళ్లు ఆ చేలో దిగుతున్నారు. వాళ్ల ఒంట్లో ఏం జరుగుతోంది, కడుపులు ఎందుకు నిలవడం లేదు, వాళ్ల నోటే విని వాళ్ల మాటల్లోనే రాయాలి, ఇదీ మా పని. ముగ్గురం. డాక్టర్ సామ్రాజ్యంగారు, లెక్కలు చూసే పానకాలు, నేను. టేప్ రికార్డరు చూడగానే ఆడవాళ్ల నోళ్లు మూతపడుతున్నాయని డాక్టరుగారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. కాబట్టి నేనేం రాస్తే అదే సాక్ష్యం. నా చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ ఆడవాళ్ల మాట కూడా ఆగిపోయినట్టే.

అందుకే ఆవిడ కుడివైపు పేజీ పెట్టారు. నోట్‌బుక్కులో ఎడమవైపు వాళ్లు చెప్పింది రాయాలి. కుడివైపు, ఆ మాట వింటున్నప్పుడు నేనెవర్ని, నాకేం తోచింది, ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ భయమేసింది, అది రాయాలి. వినేవాడి చెవిలో ముందే ఏముందో తెలియకపోతే విన్నది నమ్మడానికి లేదంటారు ఆవిడ. ప్రతి శనివారం పర్చూరులో అద్దె గదిలో చాప మీద కూర్చుని ఎవరి కుడి పేజీలు వాళ్లు పైకి చదవాలి, మిగతా ఇద్దరూ అడగాలి. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేవాళ్లం. పానకాలుది చీరాల, మగ్గాల ఇంటి మనిషి, అతని పేజీలు వింటే నవ్వాగేది కాదు. ఆకలేసి, ఆమె చెప్పేదాంట్లో తిండి సంగతులు తప్ప నాకేమీ చెవికెక్కలేదు అని రాసుకొచ్చేవాడు, నిజాయితీగా. డాక్టరుగారు చదివిన రోజు మాత్రం ఎవరమూ నవ్వలేదు. మా అన్నయ్య చేలో కూలికొచ్చే మనిషి, మా అన్నయ్య కొట్టించిన మందు గురించి నాకు చెబుతుంటే నేను రెండుసార్లు గడియారం చూసుకున్నాను, అని చదివి, పుస్తకం మూసి, కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. నా వంతు వచ్చింది. ఎండ ఎక్కువగా ఉంది, ఆమె మీద జాలి కలిగింది, అని చదివాను. నేనెప్పుడూ అంతే, ఎండ, జాలి. నీ కుడి పేజీలు మరీ శుభ్రంగా ఉంటాయి జయా, అన్నారు ఆవిడ. మెచ్చుకున్నారని రెండు రోజులు సంతోషపడ్డాను, మూడో రోజు బట్టలుతుక్కుంటూ ఉంటే అర్థమైంది.

ఊళ్ల జాబితాలో ఈ ఊరి పేరు కనబడ్డప్పుడే చెప్పి ఉండాల్సింది. మా అమ్మ రెబ్కమ్మ ఇక్కడ నర్సుగా మూడేళ్లు పనిచేసిందనీ, నేను ఐదో తరగతి ఇక్కడే చదివాననీ, నాకు ఈ ఊరు వద్దనీ ఒక్క మాట అంటే డాక్టరుగారు పానకాలుని పంపేవారు. అనలేదు. పదిహేనేళ్లయింది, ఎవరు గుర్తుపడతారులే అనుకున్నాను. అది సగమే. ఈ మాలపల్లెలోకి, అప్పుడు నేను అడుగుపెట్టకూడని పల్లెలోకి, చేతిగడియారం పెట్టుకుని, పుస్తకం పట్టుకుని రావాలని నాకుండేది. ఇది కుడి పేజీలో రాయాల్సిన మాట. నేను పుట్టింది ఇలాంటి పల్లెలోనే, మా తాతది ఇలాంటి ఇల్లే, ఇదే వసారా, మంచానికి ఇదే నులక, తొడల కింద ఇలాగే ఒరుసుకుంటోంది. మూడు వారాల కింద మొదటిసారి వచ్చినప్పుడు పుల్లమ్మ నన్ను గుమ్మంలో నిలబెట్టి ఒక్క క్షణం ఎగాదిగా చూసింది. కొత్తమనిషిని అందరూ అలాగే చూస్తారులే అనుకుని, అండీ గిండీ అంటూ మొదలుపెట్టి, రెండో ప్రశ్నకల్లా అక్కా అన్నాను.

ఆమె చెప్పింది ఇదీ. అప్పుడు ఆమెకు ఇరవై రెండు. తొలిచూలు, నెలలు నిండాయి. మిరపతోటలో ఎండ్రిన్ మందు కొట్టారు, మర్నాడు కలుపుకు దిగారు. ఆకుల మీద తడి ఇంకా ఆరలేదు, పొద్దెక్కేసరికి కళ్లు మంటలు, నోట్లో నీళ్లూరడం, తల తిరగడం, మధ్యాహ్నానికి తోటలోనే నొప్పులు. ఇద్దరు ఆడవాళ్లు రెక్కలు పట్టుకుని ఇంటికి తెచ్చారు. ఇంతవరకూ నా కలం పరుగు పెడుతూనే ఉంది. ఆ తర్వాత ఆ నాలుగు వాక్యాలు. మా ఆయన నర్సమ్మ కోసం ఊళ్లోకి పరిగెత్తాడు. ఆయమ్మ కూతురు గేటు కాడికొచ్చి, అమ్మ లేదు, పర్చూరు పోయింది, రేపు గానీ రాదు అందంట. ఈయన తిరిగొచ్చాడు. ఉంటే రాకుండా ఉండే మనిషి కాదమ్మా నర్సమ్మ. నా కలం ఆగింది. ఆమె ఎత్తిపొడుస్తోందనిపించింది, పేరు పెట్టకుండా నా మొహం మీద కొట్టిందనిపించింది. తలెత్తకుండా, ఆ తర్వాత ఏమైందక్కా, అని అడిగాను. చెప్పింది. ముసలామె ఒకతె పురుడు పోసింది, ఆడపిల్ల, పేగు మెడకు చుట్టుకుని నీలంగా వచ్చింది, మూడుసార్లు ఏడ్చింది, దీపాలవేళకు పోయింది. అవన్నీ రాశాను. మూడుసార్లు ఏడ్చిందని కూడా రాశాను. కుడి పేజీలో, ఎండ బాగా ఉంది, అని రాశాను.

అప్పట్లో ఊళ్లో మోతుబరి ఇంటి పక్క గది మాది. గవర్నమెంటు నర్సుకు వాళ్లు తప్ప ఇంకెవరూ గది ఇవ్వలేదు. కిరస్తానీలమని చెప్పాం, ఇంక వివరం వాళ్లు అడగలేదు, మేం చెప్పలేదు, ఇద్దరికీ అదే వీలుగా ఉంది. అమ్మ వారానికోసారి పల్లెలోకి వెళ్లి సూదులేసి, కడుపుతో ఉన్నవాళ్లను చూసి వచ్చేది, వచ్చి దొడ్లో స్నానం చేసి గదిలోకి అడుగుపెట్టేది. ఇంటివాళ్ల కోడలికి నెలలు నిండాయి. పురుడయ్యేదాకా పల్లె ముఖం చూడవద్దు, అక్కడ పెట్టిన చేతులు మా పిల్ల మీద పెట్టవద్దు, అలా కాదంటే గది ఖాళీ చెయ్యమని పెద్దావిడ చెప్పింది. గట్టిగా కూడా అనలేదు, అప్పడాలు ఎండబెడుతూ చెప్పింది. గది పోతే ఆ ఊళ్లో బడి పోతుంది నాకు. మా నాన్న లేడు. అమ్మకు అప్పటికి ముప్పై ఏళ్లు, ఇప్పుడు నాకున్న వయసు కంటే నాలుగైదేళ్లు ఎక్కువ, అంతే. ఆ మధ్యాహ్నం గేటు బయట మనిషి కేక విని అమ్మ కిటికీలోంచి చూసింది. పుల్లమ్మ మొగుడు జక్రయ్య. గేటు ముట్టుకోకుండా నిలబడి, రొప్పుతూ ఉన్నాడు. అమ్మ గోడకు జారగిలబడి, అమ్మ లేదు, పర్చూరు వెళ్లిందని చెప్పి రా, అంది. నా వైపు చూడకుండా అంది.

వెళ్లాను. గుమ్మంలోంచి గేటు దాకా ఎన్ని అడుగులో, ఆ దారిలో బంతిమొక్కలు ఏ పక్కన ఉన్నాయో ఇప్పటికీ చెప్పగలను. అమ్మ లేదు, పర్చూరు వెళ్లింది, అన్నాను. ఆయన వెంటనే కదల్లేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండలోకి చూసి, ఎప్పుడొస్తదమ్మా, అని అడిగాడు. అది అమ్మ నాకు చెప్పి పంపలేదు. నేను తెలివిగలదాన్ని, క్లాసులో ఫస్టు, ప్రశ్న అడిగితే జవాబు లేకుండా ఉండలేను. రేపు గానీ రాదు, అన్నాను. బాగా చెప్పానని గర్వంగా కూడా అనిపించింది, ఇది నేనెక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆయన చేతులు జోడించి వెళ్లిపోయాడు, పదేళ్ల పిల్లకి. నేను లోపలికి వెళ్లేసరికి అమ్మ మంచం కింద నుంచి సంచి లాగి కత్తెర, దారం, దూది సర్దుతోంది. మళ్లీ వస్తాడు, కాన్పు మనుషులు రెండోసారి తప్పకుండా వస్తారు, ఈసారి దొడ్డిదారిన వెళ్లిపోతాను, ఏమైతే అదవుతుంది, అంటోంది తనలో తాను. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, దొడ్డిగుమ్మంలో కూర్చుంది. నేను చెప్పిన మాట చెబుదామనుకున్నాను. చెబితే కొడుతుందేమోనని చెప్పలేదు. ఆమె పొద్దుగూకే వరకూ అలాగే కూర్చుంది. ఆయన రాలేదు.

మర్నాడు పిల్ల పోయిందని ఊరంతా తెలిసింది. అమ్మ నెల తిరక్కుండా బదిలీ పెట్టించుకుంది. ఇప్పుడు గుంటూరులో నాతోనే ఉంటోంది. ఆదివారం గుళ్లో పాపాలు ఒప్పుకునే వేళ అందరూ కూర్చున్నాక కూడా ఆమె నిలబడే ఉంటుంది, వెనక వరసవాళ్లు గొణుగుతారు. వెళ్లుంటే బతికేది, అని ఎప్పుడో ఒకసారి పప్పు వండుతూ అంటుంది, మాట ముందూ వెనకా ఏమీ ఉండదు. ఏ పాప గురించో నాకు తెలుసునని ఆమెకు తెలుసు. కానీ ఆయన రెండోసారి ఎందుకు రాలేదో ఆమెకు తెలియదు. తెలిస్తే ఆ బరువులో సగం నా వైపు జరుగుతుంది. పదిహేనేళ్లుగా ఆ సగం కూడా మా అమ్మే మోస్తోంది, నేను పక్కన కూర్చుని అన్నం తింటున్నాను. నాకు ఆమె మీద ప్రేమ లేక కాదు. ఉండి కూడా చెప్పలేకపోయాను.

డాక్టరుగారికి పుల్లమ్మ పేజీలు చాలా నచ్చాయి. నివేదికలో మొట్టమొదట ఇదే వేద్దాం, మందుకొట్లవాళ్లు ఏం జవాబు చెబుతారో చూద్దాం, అన్నారు. అప్పటి నుంచి నాకొక గౌరవప్రదమైన కారణం దొరికింది. ఆ నాలుగు వాక్యాలు ఉంటే, మందు వల్ల కాదు, నర్సు రాకపోవడం వల్ల పోయిందంటారు, తోటలో దిగే వందలమంది ఆడవాళ్ల గోడు కొట్టుకుపోతుంది, కాబట్టి నేను చేసింది తప్పు కాదు. ఇలా రాత్రింబవళ్లు వాదించుకున్నాను, మంచి వాదన, ఎవరైనా ఒప్పుకుంటారు. పానకాలు ఒక్కడు గడ్డం గోక్కుంటూ, మధ్యాహ్నం నొప్పులు, దీపాలవేళకు బిడ్డ పోయింది, అంతసేపూ ఆమె మొగుడు ఏం చేస్తున్నాడు జయగారూ, ఇక్కడెక్కడో పోగు తెగినట్టుంది, అన్నాడు. ఆమె చెప్పలేదండీ, అన్నాను. నిన్నటి సంగతి. మూడు వారాల్లో నేనాడిన అబద్ధాల్లో పైకి ఆడింది అదొక్కటే, మిగతావన్నీ రాయకపోవడం ద్వారా ఆడినవి.

చేలోంచి మనుషులు వస్తున్నారు. నెత్తుల మీద గడ్డి మోపులు, మాటలు, ఎవరో ఎవర్నో ఒసేయ్ అని పిలవడం. వాళ్లలోంచి పుల్లమ్మ విడిపోయి ఇటు వచ్చింది, నన్ను చూసి మోపు దించి, అయ్యో ఎంతసేపయింది వచ్చి, అంది. కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, తల గుడ్డ విప్పి దులుపుకుని, నా ఎదురుగా నేల మీద కూర్చోబోతుంటే మంచం మీదకు రమ్మన్నాను, రాలేదు, నేనే దిగి కూర్చున్నాను. చదవడం మొదలుపెట్టాను. పదకొండు పేజీలు. తన మాటలు తనకే వినబడుతుంటే మధ్యమధ్య ఊ అంటోంది. తోట దగ్గర ఊ అంది, నొప్పుల దగ్గర తల వంచుకుంది. ఆ తెగిన చోటు నేను గబగబా దాటేశాను. పాప మూడుసార్లు ఏడ్చిందన్న చోట కూడా ఆమె కళ్లు తుడుచుకోకుండా వింది. అయిపోయింది.

“మా ఆయన ఊళ్లోకి పోయింది లేదే అందులో,” అంది.

మర్చిపోయానని చెప్పొచ్చు. ఆమె నమ్ముతుంది. రాయలేదక్కా, అన్నాను. ఆమె నవ్వింది, నిజంగా నవ్వింది, పై పళ్లు రెండు లేవు. మొగమాటపడ్డావా, నువ్వు గుమ్మంలో నిలబడ్డప్పుడే నర్సమ్మ పోలికని పట్టుకున్నాను, నీకని ఆ మాట చెప్పాను, అంది. మీ అమ్మ ఈ ఇంటికి రెండుసార్లు వచ్చింది, పొట్ట మీద చెయ్యి వేసి బిడ్డ నిక్షేపంగా ఉంది, భయం లేదంది, ఊళ్లోవాళ్లెవరైనా అట్టా చెయ్యి వేశారా మా మీద, ఆ రోజు నా ఖర్మకొద్దీ ఊళ్లో లేకపోయింది, బాగుందా అమ్మ, అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు. ఎన్నడూ కాదు. ఆమె మా అమ్మ క్షేమం అడగడానికి ఆ నాలుగు వాక్యాలు చెప్పింది, నేను వాటిని కొట్టేశాను.

అక్కడ ఆగిపోయి ఉండొచ్చు. బాగుంది అక్కా, అని చెప్పి, నాలుగు వాక్యాలూ చేర్చి, దణ్ణం పెట్టి బస్సెక్కొచ్చు. కానీ నా నోరు ఆగలేదు. అమ్మ ఇంట్లోనే ఉందని చెప్పాను. కోడలి పురుడు సంగతి, గది సంగతి, సంచి ఒళ్లో పెట్టుకుని పొద్దుగూకే దాకా కూర్చున్న సంగతి చెప్పాను. రేపు గానీ రాదన్నది అమ్మ మాట కాదు, నా మాట అని చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. చెబుతుంటే, దేవుడు క్షమించాలి నన్ను, గుండెలో తేలిగ్గా ఉంది.

పుల్లమ్మ తల గుడ్డ తీసి మళ్లీ దులిపింది, అందులో ఏమీ లేదు. అప్పుడు చూశాను ఆమె మొహం. పదిహేనేళ్లుగా ఈ ఇంట్లో ఎవరి తప్పూ లేదు, ఖర్మ ఒక్కటే ఉంది, ఇప్పుడు నేను వచ్చి ఆ ఒక్కటీ తీసేశాను. నేను బరువు దించుకున్నాను, దించింది ఆమె మీద.

“పర్చూరు ఐదు మైళ్లు,” అంది చివరికి, నా వైపు కాకుండా కళ్లం వైపు చూస్తూ. “మాదిగ్గూడెంలో సైకిలుంది, అడిగితే ఇచ్చేవోళ్లే. ఈయన చచ్చేదాకా ఒకటే మాట, నేనా పూట పర్చూరు పోయి నర్సమ్మని ఎతికి తెచ్చుంటే పిల్ల బతికేది, కాళ్లు రాలేదు నాకు అని. పోయినేడు మంచాన పడి, మాట పడిపోయే ముందు కూడా అదే అన్నాడు.” ఒళ్లో ఉన్న నా పుస్తకం వైపు చూసింది. “చెప్పినోళ్లకి చదివి వినిపిస్తామంటివి గదమ్మాయ్. ఆయనకెట్టా వినిపిస్తావు?”